బొమ్మకి కూడా తూకమేనా?

కలిదిండిలో నాకు బాగా తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. బొమ్మల ఊసు వచ్చిందంటే చాలు, ఒక్క మాట మీద నిలబడరు. ఒకాయన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. లోయరు, హయ్యరు పరీక్షలకి పిల్లల్ని తయారుచేసి పంపిన చెయ్యి ఆయనది. రెండో ఆయన ఆ చేతి కిందే జాడీలూ మందారాలూ దిద్దిన శిష్యుడు, ఇప్పుడు ఉప్పుటేరు వైపు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. రాత్రి మకాంలో ఎరేటర్ల కాపలా కూర్చున్నప్పుడు మేత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో బాల్‌పెన్నుతో బొమ్మలు వేసే అలవాటుంది. ఉండేది అనాలి. కొన్నాళ్లుగా వెయ్యట్లేదు, ఆ సంగతి మాస్టారి చెవిన పడింది.

పేర్లు వెయ్యొద్దని ఇద్దరూ అన్నారు కాబట్టి మాస్టారు, రైతు అనే రాస్తున్నాను. నేను తీర్పరిని కాను, టీ తెప్పించినవాణ్ణి. నోరు ఊరుకోని చోట నా మాట బ్రాకెట్లలో ఉంటుంది.

మాస్టారు: ఏరా, మానేశావంట?

రైతు: మానెయ్యలేదండి. ఆగింది.

మాస్టారు: రెండిటికీ తేడా ఏంటో?

రైతు: మానేస్తే ఆ పుస్తకాలు పాత కాగితాలవాడికి వేసేసేవాణ్ణి. ఇంకా మకాంలోనే ఉన్నాయి. సంక్రాంతి ముందు పంటకి వైట్ స్పాట్ తెగులు తగిలింది కదా. పిల్ల సైజులోనే పట్టేసి, వచ్చినకాడికి అమ్ముకున్నాం. అప్పులో ఉన్నవాడికి బొమ్మలేంట్రా అని ఇంట్లో ఎవరూ అనలేదు. నాకే అనిపించింది.

మాస్టారు: ఆ తర్వాత పంట బాగానే పట్టావు. అప్పుడూ వెయ్యలేదు. తీరిక లేదంటావా, రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తున్నావని మీ ఆవిడే చెప్పింది.

రైతు: సరే, దాచడం దేనికి. విసుగొచ్చిందండి. తాటిచెట్టు, గట్టు, మకాం, ఎరేటరు. ఏది వేసినా పోయినసారి వేసిందే. పెన్ను పట్టుకుంటే బొమ్మ ఎలా వస్తుందో ముందే తెలిసిపోతోంది.

మాస్టారు: ఇప్పుడు దారిలో పడ్డావు. అప్పులూ కాదు, తీరికా కాదు. ఎదుగు ఆగింది. ఎదుగు ఆగినచోట కోరిక నిలవదు.

రైతు: ఈ మాట అంటారనే మీ ఇంటివైపు రావట్లేదు. మాస్టారూ, నా బతుకులో తూకం లేనిది ఏదో చెప్పండి. వారం వారం వల విసిరి సాంప్లింగ్ చేస్తాం. కాటా మీద పోసి, ఎన్ని గ్రాములు పెరిగింది, ఎంత కౌంట్ వస్తుంది, తిన్న మేతకి తగ్గ బరువు ఉందా అని చూస్తాం. గ్రాము తగ్గితే ఆ రాత్రి నిద్రుండదు. పుస్తకం ముందు పేజీల నిండా ఆ లెక్కలే. వెనక పేజీలే నాకు కాటా లేని చోటు. అక్కడికి కూడా మీరు కాటా పట్టుకొచ్చి ఎంత ఎదిగావురా అంటే నేనెక్కడికి పోవాలి?

మాస్టారు: కాటా నేనెక్కడ తెచ్చాను? రొయ్యని తూచేది అమ్మడానికి. నీ బొమ్మ కొనేవాడు లేడు, అమ్మే ఉద్దేశం నీకూ లేదు. ఇక తూకం దేనికి? నేనడిగేది వేరు. ఎరేటరు బొమ్మ మొదటిసారి వేసినప్పుడు నాకు తెచ్చి చూపించావు. గుర్తుందా?

రైతు: ఉంది. రెక్కలు తిరుగుతుంటే లేచే నీళ్లు ఎలా వెయ్యాలో తెలీక పేజీలకి పేజీలు పాడుచేశాను.

మాస్టారు: ఆ రోజుల్లో నీకు నిద్ర వచ్చేదా?

రైతు: తెల్లారిపోయేది. ఆక్సిజన్ పడిపోయే వేళయినా తెలిసేది కాదు. ఒకసారి మా కుర్రాడు వచ్చి కేకేస్తే గానీ లేవలేదు.

మాస్టారు: తర్వాత ఏమైంది? మూడు వంకర గీతలు, వాటి చివర నాలుగు చుక్కలు. ఎరేటరు నీళ్లకి నీకో గుర్తు దొరికింది. అప్పట్నుంచి ప్రతి ఎరేటరుకీ అవే మూడు గీతలు, అవే నాలుగు చుక్కలు. గాలి ఎటున్నా అవే, రాత్రి దీపం కింద తెల్లగా మెరిసినా అవే. నీళ్లని చూడ్డం మానేసి గుర్తు పెట్టడం మొదలెట్టావు. ఆ మూడు గీతలు దొరికిన రోజే నీ ఆసక్తికి తెగులు పట్టింది. నీకు తెలిసింది మాత్రం ఏడాది తర్వాత.

(ఇక్కడ రైతు పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. నేనూ చూశాను. మాస్టారి లెక్కలో ఒక్కటే తప్పు: కొన్నిచోట్ల చుక్కలు ఐదున్నాయి.)

రైతు: ఒప్పుకుంటా. కానీ అక్కణ్ణించి మీరు సాధనలోకి దూకుతారు. రోజుకో బొమ్మ, నెలకో లక్ష్యం, ఏడాది చివర ప్రదర్శన. లక్ష్యం పెడితే ఏమవుతుందో పరీక్ష చేసి చూశారండి. మా అమ్మాయి డిగ్రీలో సైకాలజీ చదువుతోంది కదా, తనే చెప్పింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 1973లో అచ్చేశారంట. బొమ్మలేసుకోవడం ఇష్టమున్న చిన్నపిల్లల్ని తీసుకుని, కొందరికి ముందే ఆశ పెట్టారు: వేస్తే మంచి సర్టిఫికెట్టు, రిబ్బను కట్టింది, ఇస్తామని. పిల్లలు వేశారు, సర్టిఫికెట్టు తీసుకున్నారు. కొన్నాళ్లు పోయాక స్కెచ్ పెన్నులు ముందు పెట్టి వదిలేస్తే ఆ పిల్లలే వాటిని తక్కువ ముట్టుకున్నారు. ఇష్టంగా చేసేదానికి కూలి కట్టేసరికి అది కూలిపనైపోయింది.

మాస్టారు: అందులో ఇంకో గుంపు పిల్లలున్నారు, వాళ్ల సంగతి చెప్పిందా మీ అమ్మాయి? వాళ్లకి ముందు ఏమీ చెప్పలేదు. బొమ్మలయ్యాక అదే సర్టిఫికెట్టు చేతికిచ్చారు. వాళ్ల ఇష్టం తగ్గలేదు. అంటే చెడగొట్టింది మెచ్చుకోలు కాదు, ముందే కుదిరిన బేరం. నేను నీతో బేరం పెట్టట్లేదే. సర్టిఫికెట్టు ఇస్తాననట్లేదు, చిక్కు ఇస్తానంటున్నాను.

రైతు: మీకెలా తెలుసండీ ఆ గుంపు సంగతి?

మాస్టారు: బి.ఇడి. పిల్లలకి ట్యూషన్ చెప్పిన రోజులున్నాయిలే. చెప్పు, చిక్కుకీ లక్ష్యానికీ తేడా కనపడిందా? లక్ష్యం బొమ్మ అయ్యాక వస్తుంది. చిక్కు బొమ్మ వేస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చుంటుంది.

రైతు: మాట బావుంది. కానీ ఠాగూరు గారికి చిక్కులెవరు ఇచ్చారు? రాసుకున్న పద్యాల్లో కొట్టేసిన చోట్ల గీత గీతకి కలిపి ఏవో జంతువులూ మొహాలూ చేసుకుంటూ పోయారు. అదే బొమ్మలైంది. ఏ మాస్టారి దగ్గరా దిద్దలేదు. డెబ్బైకి దగ్గరపడ్డాక 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టారు. నాదీ ఆ వరసే, లెక్కల పుస్తకంలో పిచ్చిగీతలు.

మాస్టారు: ఠాగూరు ఆ పిచ్చిగీతల దగ్గరే ఆగిపోయాడా? చివరి పన్నెండు పదమూడేళ్లలో రెండువేలకి పైగా బొమ్మలు వేశాడు. పక్షులు, ఆడవాళ్ల మొహాలు, చీకటి పడ్డ చెట్లు. సిరా, రంగు, ఏది దొరికితే అది. ఒకే కొంగని రెండువేలసార్లు వెయ్యలేదు. మాస్టారు లేడు, నిజమే. చిక్కులు తనకి తనే పెట్టుకున్నాడు. నువ్వు పెట్టుకోవట్లేదు కాబట్టి నేను పెడతానంటున్నాను.

రైతు: ఏంటో ఆ చిక్కు?

మాస్టారు: గూడబాతు.

రైతు: మాస్టారూ! గూడబాతు వాలకుండా చెరువు మీద దారాలు కట్టుకునేవాణ్ణి నేను. పక్కన చేపల చెరువోళ్లయితే బాణాసంచా కాలుస్తారు. దాన్ని కూర్చుని ముచ్చటగా బొమ్మ వెయ్యమంటారా?

మాస్టారు: అందుకే నీకంటే బాగా వేసేవాడు ఉండడు. నీ శత్రువు కాబట్టి నువ్వు చూసినంత ఇదిగా టూరిస్టు చూడడు. నీ పుస్తకంలోనే ఉందిగా, నాలుగో పేజీలో. తియ్యి. ఏం వేశావు? ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతోంది. ఆటపాక వెళ్లి ఎప్పుడైనా నింపాదిగా చూశావా? కైకలూరు పక్కనేగా. చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు పాతిన ఇనప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెట్టుకుంటాయి. ఊరికే కూర్చున్న గూడబాతుకి సంచి కనపడదురా. ముడుచుకుని కింది ముక్కుకి అంటుకుపోయి ఉంటుంది. చేప పట్టినప్పుడే సాగుతుంది. మెడ మడిచి తలని వెనక్కి భుజాల్లోకి దించేసుకుంటుంది, అంత పొడుగు ముక్కూ రొమ్ము మీద పడుకుంటుంది. నువ్వు వేసింది కళ్లతో చూసిన పక్షిని కాదు. చిన్నప్పుడు వాచకంలో చూసినదాన్ని.

రైతు: ముక్కు అంచున మచ్చలు వేశాను చూడండి. అవి వాచకంలో లేవు.

మాస్టారు: అవి బావున్నాయి. అవి చూసి వేశావు కాబట్టి బావున్నాయి. మిగతాదంతా తెలుసనుకుని వేశావు.

రైతు: అయితే ఏం చెయ్యమంటారు?

మాస్టారు: కాగితం వంక చూడకు. పక్షి అంచు మీద నీ కన్ను చీమలా పాకాలి, పెన్ను కాగితం మీద అంతే నెమ్మదిగా కదలాలి. మధ్యలో తల దించకూడదు. నికొలాయిడిస్ అని అమెరికాలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. ఆయన పోయాక 1941లో పాఠాలు పుస్తకంగా వచ్చాయి, అందులో మొదటి అభ్యాసం ఇదే. బొమ్మ వికారంగా వస్తుంది. కాలు ఒకచోట, తోక ఒకచోట. రానీ. ఆ వికారపు బొమ్మలో ఎక్కడో ఒక అంగుళం గీత ఉంటుంది. నీ జన్మలో అంత నిజమైన గీత వేసి ఉండవు. మళ్లీ పెన్ను పట్టించేది ఆ అంగుళమే.

(ఇది నేను చేసి చూశాను, గూడబాతుతో కాదు, మా వీధి కుక్కతో. మాస్టారు చెప్పిన అంగుళం ఉన్న మాట నిజం. మిగతాదంతా ఎవరికీ చూపించే స్థితిలో లేదు.)

రైతు: నాకు పక్షులకంటే నేలతోనే గొడవండి. మన ఊళ్లో నిలువుగా ఉండేది ఏదీ లేదు. కొండ లేదు, గుట్ట లేదు. అటు కొల్లేరు, ఇటు చెరువులు, మధ్యలో గట్టు. పేజీ మధ్యన అడ్డంగా ఒక గీత గీస్తే కలిదిండి అయిపోయింది. అరకులో పుట్టినా బొమ్మలకి పనికొచ్చేవాణ్ణి.

మాస్టారు: గీత మధ్యన ఎందుకు గీశావు?

రైతు: మరెక్కడ గియ్యాలి?

మాస్టారు: హాలెండు వాళ్ల నేల మనకంటే పల్లం. సముద్రాన్ని గట్లు కట్టి ఆపుకుని బతికేవాళ్లు. పదిహేడో శతాబ్దంలో రైస్‌డాల్ లాంటి చిత్రకారులు ఆ అడ్డగీతని పటంలో బాగా కిందికి దించేశారు. నేల ఒక వంతు, ఆకాశం రెండు వంతులు, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. మబ్బులే వాళ్ల కొండలు. పైగా నీకు చెరువులున్నాయి, నీళ్లలో ఇంకో ఆకాశం. నైరుతి మబ్బు ఎక్కేటప్పుడు చెరువు రంగు ఎప్పుడైనా చూశావా? పైన మబ్బు కంటే నీళ్లలో మబ్బు ఒక పాలు నల్లగా ఉంటుంది. తాటిచెట్టు నీడ మాత్రం చెట్టంత నల్లగా ఉండదు, కాస్త తేలిపోతుంది. అలా ఎందుకుంటుందో నువ్వే చూసి చెప్పు. నేలలో ఏమీ లేదంటున్నావు, ఈ ఒక్కదానికే ఏడాది పడుతుంది.

రైతు: అది మాత్రం... ఎప్పుడూ గమనించలేదండి. రోజూ దాని ముందే కూర్చుంటాను.

మాస్టారు: చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందా లేదా అనేది గమనిస్తావుగా. ఆ కన్నే ఇటు తిప్పు.

రైతు: ఇంతదాకా మీరు అడిగారు. ఇప్పుడు నేనో మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. ఇన్నేళ్లు ఇన్ని బడుల్లో చెప్పారు. మీ దగ్గర హయ్యరు పాసైనవాళ్లలో ఇవాళ బొమ్మలేసేవాళ్లు ఎంతమంది? మా బ్యాచిలో ఒక్కడూ లేడు. ఒకడు ఫ్లెక్సీ షాపు పెట్టాడు, కంప్యూటర్లో అతికిస్తాడు. జాడీ కొలతలు, నీడ ఎటు పడాలి, అంచు సాఫీగా ఉందా, ఇవే కదా మీరు దిద్దింది. ఎదుగు ఎదుగు అని దిద్దినవాళ్లంతా ఆపేశారు. ఎవరూ దిద్దనప్పుడు, పెళ్లై పిల్లలు పుట్టాక, మకాంలో నాకు నేనుగా మొదలెట్టాను. దీనికేమంటారు?

మాస్టారు: జాడీ దిద్దించింది పరీక్ష కోసం. పరీక్ష పెట్టింది ఉద్యోగం కోసం. హయ్యరు పాసైతే డ్రాయింగు మాస్టారు పోస్టు వస్తుందని మీ నాన్నలు పంపారు. పోస్టులు లేవు, ఆపేశారు. నువ్వు చెప్పిన స్టాన్‌ఫర్డు సర్టిఫికెట్టు అది, నేను కాదనను. కానీ మకాంలో నువ్వు వేసిన మొదటి ఎరేటరుకి ఎత్తు వెడల్పులు సరిగ్గా కుదిరాయి. దూరం పోయేకొద్దీ రెక్కలు చిన్నవయ్యాయి. అవి నీకు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?

రైతు: జాడీలోంచి వచ్చాయి.

మాస్టారు: ఊఁ.

రైతు: అయినా ఒకటి చెప్పండి. జాడీ మీరు పెట్టారు, ఎరేటరు నేను పెట్టుకున్నాను. జాడీ ఆగిపోయింది, ఎరేటరు నిలిచింది. చిక్కు కావాలన్నారు, ఒప్పుకున్నా. ఏ చిక్కో మాత్రం నన్నే తేల్చుకోనివ్వండి. గూడబాతు కూడా మీ జాడీయే.

మాస్టారు: (కాసేపాగి) నువ్వు తేల్చుకుంటే మళ్లీ తాటిచెట్టు దగ్గరికే పోతావు. మనిషి చేతకానిదాన్ని తనంతట తాను ఎంచుకోడు. అందుకే ఇంకో కన్ను కావాలి. గురువే కానక్కర్లేదు, చూసి మాట చెప్పేవాడు ఒకడుంటే చాలు.

రైతు: చూసేవాళ్లకేం కొదవ, ఫోన్లో పెడితే వందలమంది చూస్తారు. పెట్టాను కూడా. బాల్‌పెన్ను బొమ్మలకి ఏడెనిమిది లైకులు, అందులో సగం మా బావమరుదులవి. ఒకసారి మా అమ్మాయి రంగులతో కొల్లేట్లో సూర్యాస్తమయం వేశాను. ఎర్రటి గోళం, నల్ల పడవ. లైకులే లైకులు. తర్వాత నాలుగు అస్తమయాలు వేశాను. మా మకాం నుంచి పడవ కనపడదండి. పడవ ఉంటే జనానికి నచ్చుతుందని వేశాను.

మాస్టారు: అది చూపు కాదురా, సంత.

రైతు: మరి చూపంటే?

మాస్టారు: తుమ్మపూడి అని దుగ్గిరాల దగ్గర ఒక పల్లె. సూర్యదేవర సంజీవదేవ్ గారు అక్కడే ఉండేవారు, 1914లో పుట్టి 1999లో పోయారు. ఏ కళాశాలలోనూ చిత్రకళ డిగ్రీ పుచ్చుకోలేదు. కుర్రతనంలో హిమాలయాలు తిరిగారు, కులూ లోయలో చిత్రకారుడు రోరిక్‌ని కలిశారు, మళ్లీ వచ్చి పల్లెలోనే కూర్చున్నారు. పాస్టెళ్లతో కొండలూ మబ్బులూ వేసేవారు, చిత్రకళ మీద వ్యాసాలు రాసేవారు. అన్నిటికంటే ఉత్తరాలు. దేశదేశాలవాళ్లకి ఉత్తరాలు, వాళ్లనుంచి ఉత్తరాలు. మన తెలుగువాళ్లలో ఎందరికో బొమ్మ చూడ్డం ఎలాగో ఆ కార్డుముక్కల మీదే నేర్పారు. పల్లెలో కూర్చుని ఎండిపోకుండా ఉండటానికి ఆయన చేసుకున్న ఏర్పాటు అది. వందలమంది కాదు, ఒక్కొక్కరు.

రైతు: ఆయన పండితుడండి.

మాస్టారు: సరే, పండితులు వద్దు. వారపత్రికలు నడిచిన రోజులు చూశావా? కార్టూన్ వేసినవాడు తిరుగు టపాకి స్టాంపు అంటించిన కవరు కూడా జతచేసి పంపేవాడు. వేసుకుంటే అచ్చులో వచ్చేది, లేకపోతే నీ కవరే నీకు తిరిగొచ్చేది. లెక్చరర్లు, బ్యాంకు గుమాస్తాలు, లాయర్లు, సగం కార్టూనిస్టులు వాళ్లే. జయదేవ్ గారు మద్రాసులో జువాలజీ పాఠాలు చెప్పుకుంటూనే అన్ని కార్టూన్లు వేశారు. బాపు చదివింది లా. తిరిగొచ్చిన కవరు మొహమాటపడదు. మీ బావమరిది పడతాడు. ఆ చర్చిల్‌ని చూడు, నలభై ఏళ్లకి, 1915లో, పదవి ఊడి దిగాలుగా ఉన్నప్పుడు మొదటిసారి కుంచె పట్టాడు. ఎంత పెద్దవాడైనా తన బొమ్మల మీద నిజమైన మాట కావాలని 1947లో లండన్ రాయల్ అకాడమీకి డేవిడ్ వింటర్ అనే దొంగపేరుతో పంపాడు. వాళ్లు...

రైతు: చర్చిల్ పేరు నా దగ్గర ఎత్తకండి మాస్టారూ. బెంగాల్లో 43 కరువుకి లక్షల్లో పోయినప్పుడు ప్రధానమంత్రి ఎవరు? ఆయన ఏ పేరుతో పంపితే మనకేంటి?

మాస్టారు: మనిషిని వదిలెయ్. చేసిన పని చూడు.

రైతు: నాకు మనిషిని వదిలి పని ఒక్కటీ చూడ్డం రాదండి. వేరే పేరు చెప్పండి, దగ్గరివాళ్లది.

మాస్టారు: ఏలూరు చాలా? బుచ్చిబాబు ఏలూరులోనే పుట్టాడు, 1916లో. రేడియోలో ఉద్యోగం, ‘చివరకు మిగిలేది’ రాసిన చెయ్యి. ఆ చేత్తోనే బొమ్మలు కూడా వేసేవాడు. ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారూ వేసేవారు, కథలూ రాసేవారు. చిన్నతనంలోనే పెళ్లై ఆ ఇంటికొచ్చిన మనిషి. ఒకే ఇంట్లో రెండు కుంచెలు, ఒకరిది ఒకరు చూస్తారు. నేను చెప్పే ఇంకో కన్ను అదీ.

రైతు: బుచ్చిబాబు ఎప్పుడు పోయారు?

మాస్టారు: 1967లో.

రైతు: ఆవిడ?

మాస్టారు: 2021లో, బెంగుళూరులో. తొంభై అయిదేళ్లు బతికారు.

రైతు: అంటే ఆ రెండో కన్ను మూతపడ్డాక యాభై ఏళ్లకి పైన ఉన్నారు. ఆపేశారా?

మాస్టారు: లేదు. రాశారు, వేశారు.

రైతు: చూడండి మరి! ఎదగాలనే వేశారా, ఇంకోళ్లు చూస్తారనే వేశారా? వెయ్యకుండా ఉండలేక వేసి ఉంటారు. దాన్ని సాధన అనకండి. ఎదుగు అనకండి. ఆవిడకి అదొక...

మాస్టారు: ఏదొక?

రైతు: మాట దొరకట్లేదు.

(ఈ చోట రైతు గెలిచాడనే నా ఉద్దేశం. మాస్టారికి పేర్లూ ఏళ్లూ నోటికొచ్చు, కానీ ఆ యాభై ఏళ్లలో ఒక మనిషి మధ్యాహ్నం పూట రంగు ఎందుకు కలిపిందో ఆయన చెప్పలేడు. నేనూ చెప్పలేను. అయితే ఉండలేక వేసేవాళ్లు ఎవరో మన రైతు అరచేతిలో ఫోను పెట్టుకున్న ఈ రోజుల్లో తేలడం కష్టం. ఉండగలుగుతున్నాం కదా. ఈ మాట పైకి అన్లేదు.)

మాస్టారు: ఒకటి మాత్రం ఖాయం. ఆవిడ గుడివాడ నుంచి చికాగో వెళ్లిన ఎస్వీ రామారావు గారిలా చిత్రకళనే వృత్తి చేసుకున్న మనిషి కాదు. అయినా ‘ఏదో కాలక్షేపానికి’ అంటూ పక్కకి తోసెయ్యలేదు. నువ్వు తోసేస్తున్నావు. ఎవరైనా అడిగితే ‘ఊరికే గీస్తుంటానండి’ అంటావు చూడు, అక్కడ నాకు మండుతుంది. చెరువు ఊరికే చేస్తానండి అని ఎప్పుడైనా అన్నావా?

రైతు: అలా అనకపోతే మంచి కాగితం కొనమంటారు.

మాస్టారు: కొనాలి కూడా.

రైతు: కొన్నానండి ఒకసారి. మీరు చెప్పిన దళసరిదే, మూడొందల జి.ఎస్.ఎం. తెచ్చి బల్ల మీద పెట్టాను. షీటు ఖరీదు తల్చుకుంటే చెయ్యి ఆడలేదు. ఏం వేసినా దండగైపోతుందేమోనని. వర్షాకాలం వచ్చింది, మకాం తేమకి బూజు పట్టింది, ఇప్పుడు దాని మీద మేత డబ్బా ఉంది. మేత పుస్తకానికి ఆ భయం లేదు. పాడైతే ఏం పోయింది, వెనక పేజీయేగా.

మాస్టారు: అది నిజమే. మంచి కాగితం కొత్తవాణ్ణి బెదిరిస్తుంది, చూశాను. పిల్లలు రఫ్ పుస్తకంలో చక్కగా వేసి, డ్రాయింగు షీటు ఇవ్వగానే బిగుసుకుపోయేవారు. కానీ నీటిరంగుకి వేరే దారి లేదురా. మేత పుస్తకం కాగితం తడి తగలగానే అలల్లా లేస్తుంది, రంగు గుంటల్లో పోగవుతుంది. పైగా మన కొల్లేటి గాలి. వానాకాలంలో ఒక పూత ఆరడానికి గంటలు పడుతుంది, రోహిణీకార్తెలో కుంచె ఎత్తేలోగా ఆరిపోతుంది. కాగితం కూడా ఎదురుతిరిగితే నేర్చుకునేవాడు తప్పు తనదనుకుంటాడు. సగంమంది నీటిరంగు వదిలేసేది చేతకాక కాదు, చవక కాగితం వల్ల.

రైతు: అయితే చూడ్డానికి మేత పుస్తకం, రంగుకి మంచి కాగితం. రెండూ కలపను.

మాస్టారు: ఇంతసేపటికి మాస్టారు చెప్పినదానికి తల ఊపావు.

రైతు: మీరు చెప్పలేదండి, నేనే చెప్పాను. సరే, నాదో షరతు. ఇంకో కన్ను అన్నారుగా. ఆ కన్ను ఊరికే చూసి తప్పులు పట్టడం కాదు. మీరూ వెయ్యాలి. రిటైరయ్యాక వినాయకచవితి పందిట్లో తెరలూ పెళ్లి బోర్డులూ తప్ప మీ సొంతానికి ఏం వేశారు?

మాస్టారు: నా చెయ్యి వణుకుతోందిరా.

రైతు: కాగితం వంక చూడకుండా వేస్తే ఎవరి చెయ్యైనా వంకరే పోతుందన్నారుగా ఇందాక.

మాస్టారు: ...ఏం వెయ్యాలి? గూడబాతు వద్దంటివి.

రైతు: వచ్చే శుక్రవారం పట్టుబడి. రాత్రి లైట్లేసి వల లాగుతారు. నడుముల్లోతు నీళ్లలో పదిహేనుమంది. గట్టు మీద కాటా, ఐసు, క్రేట్లు, లారీ. అందరూ కదులుతూనే ఉంటారు. కదిలేవాళ్లని వెయ్యడం నాకు ఎప్పుడూ రాలేదు.

మాస్టారు: నాకూ రాదు. మా జాడీ ఎప్పుడూ కదల్లేదు.

రైతు: అయితే వస్తున్నారన్నమాట.

మాస్టారు: నువ్వు తూకం చూసుకుంటావా, బొమ్మ వేస్తావా ఆ హడావిడిలో?

రైతు: తూకం దగ్గర మా తమ్ముణ్ణి నిలబెడతా. ఆ ఒక్క రాత్రికి.

మాస్టారు: కుర్చీ వేయించు. నా మోకాళ్లు గట్టు మీద నిలబడవు.

రైతు: కుర్చీ కష్టమండి, ఉన్నవి రెండూ కొనుగోలుదారు మనుషులు లాగేసుకుంటారు. క్రేటు తిరగేసి వేస్తాను.

మాస్టారు: తడిసి ఉంటుంది కదరా!

రైతు: గోనెసంచి పరుస్తాలెండి. పెన్ను మాత్రం మీదే మీరు తెచ్చుకోవాలి, నాది ఇవ్వను.